దేశదేశముల బాటసారి - హాజీ సయ్యాహ్

1875 మే 26వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో ముప్పదితొమ్మిదేండ్ల వయసుగల ఒక పరదేశికి ఆ దేశపు పౌరసత్వము లభించెను. ఐరోపానుండి వలసవచ్చినవారు ఆ కాలమున గుంపులు గుంపులుగా న్యాయస్థానముల మెట్లెక్కి, ప్రమాణము చేసి, పౌరులై దిగివచ్చుచుండిరి. ఆ సందడిలో ఒక్క మనిషి సంగతి ఎవరికి పట్టును? కాని ఆ మనిషి పుట్టినది ఐరోపాలో గాదు, ఇరానులో. ఇరానునుండి వచ్చి అమెరికా పౌరుడైన వారిలో మొట్టమొదటివాడుగా చరిత్ర యెరిగినది ఆయననే. అసలు పేరు మీర్జా మహమ్మదు అలీ. స్వదేశీయులు హాజీ సయ్యాహ్ అని పిలిచిరి. సయ్యాహ్ అనగా దేశసంచారి. పదునెనిమిదేండ్లు ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన వానికి అంతకన్న తగిన పేరు లేదు.

ఆ పౌరసత్వపు కాగితము ఆయనకు ఏమి యిచ్చెను, ఏమి యీయలేకపోయెను అనుటయే ఈ జీవితములో మిగుల ఆలోచింపదగిన సంగతి.

ఇరాను నడిభాగమున, కోము నగరమునకు దక్షిణపు దిక్కున, మహల్లాతు అను చిన్న పట్టణము కలదు. ఊటనీటికి, తోటలకు పేరుగన్న ఊరు. సయ్యాహ్ 1836లో అచట జన్మించెను. ఇంటిలో చదువు కలదు గాని కలిమి లేదు. తండ్రి మతవిద్య నెరిగిన పండితుడు. కుమారుని గూడ ఆ దారినే పెట్టెను. బాలుడు టెహరానులో కొంతకాలము, షియా విద్యకు కేంద్రములైన ఇరాకు పుణ్యక్షేత్రములలో మరికొంతకాలము చదివెను. అట్టి చదువు ముగించినవాడు స్వగ్రామమునకు తిరిగివచ్చి, పెండ్లాడి, పదిమందికి ధర్మము చెప్పుచు కాలము గడుపుట ఆనాటి మర్యాద.

ఆనాటి ఇరాను ఎట్టిదో కొంత చెప్పక తప్పదు. ఖజారు వంశపు రాజులు ఏలుచుండిరి. రాజు నోటినుండి వచ్చినదే శాసనము. పరగణాలను రాజకుమారులు, ఉద్యోగులు సొమ్ము చెల్లించి పొందుచుండిరి. చెల్లించిన సొమ్మును రైతు వీపు మీదనే రాబట్టుకొనుచుండిరి. 1848లో పదునేడేండ్ల నాసిరుద్దీన్ షా గద్దె నెక్కినప్పుడు అమీర్ కబీరు అను సమర్థుడైన మంత్రి దొరకెను. ఆయన పన్నులను చక్కదిద్దెను. కొత్త శాస్త్రములు నేర్పుటకై టెహరానులో దారుల్‌ఫునూన్ అను పాఠశాలను నెలకొల్పెను. అది తెరువబడిన కొలది దినములకే, 1852 జనవరిలో, కాషాను చెంతనున్న ఫిన్ ఉద్యానపు స్నానశాలలో ఆయన రాజాజ్ఞచేత చంపబడెను. మహల్లాతునుండి కాషాను కొలది దినముల నడక మాత్రమే. సయ్యాహ్ అప్పటికి పదునారేండ్ల బాలుడు. ప్రధానమంత్రి ప్రాణమునకే విచారణ లేని దేశములో సామాన్యుని ప్రాణము విలువ యెంతయో ఆ తరమువారికి వేరుగా పాఠము చెప్పనక్కరలేదు.

ఇరువదిమూడవ యేట, 1859లో, ఆయన ఇల్లు విడిచెను. దేశములు చూడవలెనను కోరిక ఒక కారణము. మరియొకటి ఇంటి సంగతి. హమదాను ప్రాంతముననున్న కలవాడైన పినతండ్రి తన కుమార్తె నిచ్చి వివాహము చేయదలచెను. కలిమిగల ఇంటికి అల్లుడై పడియుండుట యువకుని మనస్సునకు గిట్టలేదు. కాదనుటకు నోరు రాలేదు. ఎవరికిని చెప్పక దారి పట్టెను. తాను మార్గమధ్యమున మరణించితినని ఇంటివారు నమ్మునట్లు ఒక లేఖ వ్రాసి పంపెననికూడ ఆయన కథను తెలిపినవారు చెప్పుదురు. వెదకువారు లేకుండుటకు పన్నిన ఉపాయమది. ఆ వయసున అది యుక్తిగా తోచియుండవచ్చును. కన్నతల్లి యెడల అంతకన్న క్రూరమైన పని మరియొకటి ఉండబోదు. ఆ లేఖ యొక్క బరువు ఏమిటో ఆయనకు పదునెనిమిదేండ్ల తరువాతగాని తెలియరాలేదు.

చేతిలో సొమ్ము లేదు, కాళ్ళు కలవు. తబ్రీజు మీదుగా ఉత్తరమునకు నడచి, సరిహద్దు దాటి, కాకసస్ ప్రాంతము చేరెను. ఆ నేలలో చాల భాగము ఒక తరము క్రిందటివరకు ఇరానుదే. 1813 నాటి గులిస్తాన్ ఒడంబడికతోను, 1828 నాటి తుర్క్‌మన్‌చాయ్ ఒడంబడికతోను రష్యాకు పోయెను. అందుచేత పారసీక భాష వినబడు ఊళ్ళలోనే పరప్రభుత్వపు రహదారులు, తపాలా బండ్లు, కచ్చేరీలు ఆయన కన్నులబడెను. ఎరీవాను, తిఫ్లిసు మొదలగు పట్టణములలో నిలిచి, తనకు వచ్చిన పారసీకమును, అరబ్బీని నేర్పుచు, తనకు రాని భాషలను నేర్చుకొనెను. తురకీ, ఆర్మీనియను, రష్యను - ఇట్లు ఒక్కొక్కటి పట్టుబడెను. తరువాత ఫ్రెంచి, అటుపై ఇంగ్లీషు. ధనవంతుడు చేతిలో హుండీ పెట్టుకొని దేశములు తిరుగును. ఈయనకు భాషయే హుండీ.

ఇస్తాంబులు దాటి ఐరోపా ప్రవేశించిన పిమ్మట ఆస్ట్రియా, ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లాండు, బెల్జియము, జర్మను రాజ్యములు, రష్యా - అన్నియు చూచెను. ఏ పట్టణమునకు పోయినను ఆయన అడుగు మొదటి చోటులు పాఠశాల, వైద్యశాల, కర్మాగారము, వస్తుప్రదర్శనశాల, చెరసాల. చెరసాలను చూడగోరుట కొంత వింతగా తోచును. కాని ఖైదీని ప్రభుత్వ మెట్లు చూచునో తెలిసినచో ఆ దేశములో న్యాయము ఏపాటిదో తెలియుననుట నిజమే. తానే ఒకనాడు గొలుసులలో కూర్చుందునని ఆనాడు ఆయన యెరుగడు.

బీదవాడైన ఈ బాటసారికి గొప్పవారి దర్శనము సులభముగా దొరకుచుండుట మరియొక విశేషము. ఇటలీ ఐక్యతకై పోరిన గారిబాల్డిని, రోములో పోపును, బెల్జియము రాజును, రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరును ఆయన కలిసికొనెను. కాలినడకను వచ్చిన పారసీకుడు పలుభాషలలో మాటాడుచున్నాడనిన వినోదముచేతనే కొందరు పిలిచియుందురు. 1861లో రష్యాలో కోట్లకొలది అర్ధబానిసలకు విముక్తి కలిగించిన చక్రవర్తిని, ఎఱ్ఱచొక్కాల దళముతో సిసిలీని గెలిచిన వీరుని ఒక్క మనిషి కన్నులే చూచుట సామాన్యము కాదు. ఆ కన్నులు పట్టుకొన్న సంగతి యొకటే: రాజుకును ఒక హద్దు కలదు, ఆ హద్దునకు చట్టమని పేరు.

1860 తరువాతి దశాబ్దపు నడిమి భాగమున ఆయన అట్లాంటికు దాటి న్యూయార్కు చేరెను. అచట గడిపిన కాలము పదేండ్లు. ఆ పదేండ్లు అమెరికాకును మామూలు సంవత్సరములు గావు. అంతర్యుద్ధము 1865లో ముగిసెను. బానిసత్వము రాజ్యాంగ సవరణచేత తొలగెను. 1868లో అమెరికా గడ్డమీద పుట్టిన వారెల్లరు పౌరులనియు, 1870లో జాతిని బట్టి ఓటు హక్కును తీసివేయరాదనియు సవరణలు వచ్చెను. 1869 మే నెలలో తూర్పు పడమరల రైలుదారులు కలిసెను. సయ్యాహ్ న్యూయార్కునుండి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు ఆ దేశమును ఈ కొననుండి ఆ కొనకు చూచెను. యుద్ధమున గెలిచిన సేనాని యులిసిస్ గ్రాంట్ 1869లో అధ్యక్షుడయ్యెను. ఆయనతో సయ్యాహ్ ఒకసారి గాక పలుమారులు సమావేశమయ్యెను. తన దేశములో గవర్నరు గుమ్మముకూడ తొక్కలేని పండితుని కొడుకు, ఎన్నికతో వచ్చిన అధ్యక్షుని ముందు కుర్చీలో కూర్చుండెను.

ఆనాటి పౌరసత్వపు పద్ధతి నేటి పాఠకునకు వింతగా నుండును. 1802 నాటి చట్టమే ముఖ్యముగా అమలులో ఉండెను. పరదేశి అయిదేండ్లు దేశములో నివసింపవలెను. పౌరుడు కాదలచితినని కనీసము రెండేండ్లు ముందుగా న్యాయస్థానములో తెలుపుకొనవలెను. సత్ప్రవర్తన కలవాడని న్యాయాధికారి నమ్మవలెను. చివరకు ప్రమాణము చేయవలెను. ఆ ప్రమాణములో తన పూర్వపు ప్రభువు నెడల గల విధేయతను పేరుపేరున వదలుకొనవలెనని చట్టము. అనగా ఆ 1875 మే నెలలో సయ్యాహ్ విడిచిన విధేయత సాక్షాత్తు ఇరాను షాకు చెందినది. ఉద్యోగ మిచ్చినవారు గాని, మరియొక పెద్దమనిషి గాని ఆయన పక్షమున విన్నపము పెట్టనక్కరలేదు. తనకై తాను అడుగుకొనెను.

అయితే ఆ తలుపు అందరికి తెరిచియుండెననుకొనరాదు. 1790నుండి పౌరసత్వము స్వతంత్రులైన తెల్లజాతివారికి మాత్రమే. 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చిరి. చట్టములన్నిటిని ఒకచోట కూర్చునప్పుడు తెల్లజాతి యను మాట పొరపాటున జారిపోగా, 1875 ఫిబ్రవరిలో దానిని మరల ఎక్కించిరి. అది జరిగిన మూడు నెలలకు సయ్యాహ్ పౌరుడయ్యెను. ఇరానువాడు ఏ జాతి క్రింద లెక్కకు వచ్చునను ప్రశ్న ఆయన విషయమున అడ్డు రాలేదు. ఆ అదృష్టము భారతీయులకు దక్కలేదు. 1923లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము భగత్‌సింగ్ థిండ్ వ్యవహారములో భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పెను. ఆ కాలముననే భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు బోస్టను చేరెను. లోకమునకు దివ్యౌషధముల నిచ్చిన ఆ మహానుభావుడు పరదేశిగానే అచట బ్రతికెను. 1946లో చట్టము మారినను 1948లో పౌరుడు కాకుండగనే కన్నుమూసెను.

తనకై తాను అడుగుకొనుట యను పద్ధతి వేరు రూపమున నేటికిని కలదు. 1990లో అమెరికా చేసిన చట్టము ప్రకారము విజ్ఞానములో, కళలో, విద్యలో, వ్యాపారములో అసాధారణ ప్రతిభ కలవాడు, యజమాని యెవడును లేకయే, శాశ్వత నివాసపు హక్కునకై స్వయముగా దరఖాస్తు పెట్టుకొనవచ్చును. బహుమతులు, ప్రచురణలు, తోటివారి పనిని తూచు బాధ్యత మొదలగు పది లక్షణములలో మూడయినను తనకు గలవని కాగితములతో రుజువు చేయవలెను. జాతీయ ప్రయోజనము పేరిట మరియొక దారికూడ కలదు. ఇరాను వైద్యులు, ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు పెక్కుమంది ఈ దారుల వెంట పోయిరి. వారికి గల చిక్కు వేరు. 1980 ఏప్రిలులో ఉభయదేశముల సంబంధములు తెగినది మొదలు టెహరానులో అమెరికా రాయబార కార్యాలయము లేదు. అర్హత రుజువైనను విచారణకై అంకారాకో, యెరవానుకో, అబూధాబీకో పోవలసివచ్చెను. 2025 జూనులో అమెరికా అధ్యక్షుని ప్రకటన ఒకటి ఇరాను పౌరుల ప్రవేశమును, కొద్ది మినహాయింపులతో, నిలిపివేసెను. ప్రతిభను తూచు త్రాసు ఒకటి, పుట్టిన దేశమును చూచు త్రాసు మరియొకటి. సయ్యాహ్ నాడు ప్రతిభ రుజువు లడిగినవారు లేరు. జాతి యడుగు చట్టము మాత్రము ఉండెను.

పౌరసత్వము పొందినవాడు అచటనే స్థిరపడవలసినది. సయ్యాహ్ మరల బాట పట్టెను. పసిఫికు సముద్రము దాటి జపాను, చైనా చూచి, ఆగ్నేయాసియా మీదుగా భారతదేశమునకు వచ్చెను. బొంబాయిలో ఆయనకు స్వగ్రామపు గాలి తగిలెను. ఇస్మాయిలీ శాఖకు అధిపతియైన మొదటి ఆగాఖాన్ మహల్లాతు ప్రాంతపు ప్రభువుగా ఉండి, ఇరాను ప్రభుత్వముతో పోరి, దేశము విడిచి వచ్చి బొంబాయిలో నివసించుచుండెను. ఆయన పరివారములో మహల్లాతువారు పలువురు కలరు. ఊరి సంగతులు తెలిసినవారు దొరకిరి. తల్లి బ్రతికియున్నదనియు, కుమారునికై ఇంకను కుములుచున్నదనియు సయ్యాహ్ వినెను. పదునెనిమిదేండ్ల క్రిందటి లేఖకు జవాబు అట్లు చేరెను. రాజులను, పోపును, అధ్యక్షుని చూచి చలింపనివాడు ఈ మాటకు నిలువలేకపోయెను. 1877లో ఓడ యెక్కి, పారసీక సింధుశాఖమీదుగా స్వదేశము చేరెను.

ఇరాను మారలేదు. మారినది తానే. షీరాజు, ఇస్ఫహాను, టెహరాను, మహల్లాతు - నడిచిన దారినెల్ల ఆయన కన్నులు వెనుకటివి గావు. పాడుపడిన పల్లెలు, పన్నులకు వెఱచి పారిపోయిన రైతులు, లంచము లేనిదే కదలని కచ్చేరీలు కనబడెను. 1870 తరువాతి సంవత్సరములలో వచ్చిన ఘోరమైన కరవు దేశమును పీల్చి పిప్పి చేసియుండెను. షాకూడ దేశములు తిరిగినవాడే. 1873లో ఒకసారి, 1878లో మరియొకసారి, 1889లో మూడవసారి సపరివారముగా ఐరోపా యాత్ర చేసెను. తన యాత్రలను గూర్చి తానే పుస్తకములుగూడ వ్రాసెను. రాజు చూచిన ఐరోపా విందులు, నాటకశాలలు, సైనిక ప్రదర్శనలు. కాలినడకను పోయినవాడు చూచిన ఐరోపా వేరు. ఈ రెండవ ఐరోపాను గూర్చి మాటాడుట టెహరానులో క్షేమకరము కాదు.

మొదట ఆయనను వినోదముగా ఆదరించిరి. షా కుమారుడును ఇస్ఫహాను గవర్నరును అయిన జిల్లుస్సుల్తాన్ ఆయనను చేరదీసెను. బాటసారి చెప్పు కథలు ఎవరికి చేదు? కాని కథలో నీతి బయటపడిన కొలది మొగములు మాడెను. ముస్లిము దేశముల మేలుకొలుపునకై ఊరూర తిరుగుచున్న సయ్యద్ జమాలుద్దీన్ అఫ్గానీ ఇరాను వచ్చినప్పుడు సయ్యాహ్ ఆయనకు తోడ్పడెను. దానితో అనుమానము గట్టిపడెను. ఆయనను మష్హదునకు పంపివేసిరి. యాత్రాస్థలము గావున అది శిక్షవలె కనబడదు. కదలుటకు వీలులేని యాత్ర శిక్ష గాక మరేమి?

1890 మార్చిలో షా దేశములోని పొగాకు వ్యాపారము నంతటిని తాల్బట్ అను ఇంగ్లీషు మేజరునకు ఏబది యేండ్లకు ధారపోసెను. పండించువాడు, అమ్మువాడు, త్రాగువాడు ఒక్కసారిగా పరదేశి గుప్పిటిలో పడిరి. వర్తకులు అలజడి చెందిరి, మతపెద్దలు కదలిరి. లండనులో మీర్జా మల్కమ్ ఖాన్ ఖానూన్ అను పత్రికను ప్రారంభించి, దొంగచాటుగా ఇరానునకు పంపుచుండెను. ఖానూన్ అనగా చట్టము. ఆ పేరే ప్రభుత్వమునకు నేరముగా తోచెను. 1891 ఆరంభమున అఫ్గానీని దేశమునుండి వెడలగొట్టిరి. రాజును విమర్శించు సంతకము లేని లేఖలు రాజధానిలో తిరుగుచుండగా, షా మరియొక కుమారుడైన కామ్రాన్ మీర్జా ఆధ్వర్యమున పట్టివేతలు సాగెను. పట్టుబడినవారిలో సయ్యాహ్ ఒకడు. కెర్మానునుండి వచ్చిన మీర్జా రిజా అను చిల్లర వర్తకుడు మరియొకడు. వారిని ఖజ్వీను చెరకు పంపిరి. దేశమునకు కావలసినది ఒక్క మాట, అది చట్టము, అని చాటుచు అదే పేరుతో గ్రంథము వ్రాసిన వృద్ధుడు ముస్తషారుద్దౌలాకూడ ఆ సంవత్సరము ఖజ్వీను ఖైదునే అనుభవించెను.

ఆ చెరలో తీసిన ఛాయాచిత్రము ఒకటి నేటికిని నిలిచియున్నది. ఖైదీలు వరుసగా గొలుసులతో కట్టబడి యుందురు. వారిలో సయ్యాహ్, మీర్జా రిజా కలరు. ఐరోపా చెరసాలలను చూడగోరి తిరిగిన యువకుడు అప్పటికి ఏబదియైదేండ్లవాడు. లోకమంతయు నడచిన కాళ్ళకు నాలుగడుగుల మేర మిగిలెను.

ఇంచుమించు రెండేండ్లు ఇట్లు గడచెను. ఈలోగా పొగాకు కౌలు నిలువలేదు. 1891 డిసెంబరులో మతాచార్యుడు మీర్జా షీరాజీ పేరిట పొగాకు వాడరాదను ఆజ్ఞ వెలువడగా దేశమెల్ల హుక్కాలు పగులగొట్టెను. షా అంతఃపురములో సహితము పొగ లేచుట మానెనని చెప్పుకొందురు. మరుసటి నెలలో షా కౌలును రద్దు చేసెను. ప్రజ గెలిచెను గాని ఖైదీలకు వెంటనే తలుపు తెరువబడలేదు.

విడుదలయైన పిమ్మట సయ్యాహ్ మనస్సు కుదుటపడలేదు. మరల ఏ రాత్రి తలుపు తట్టుదురో తెలియదు. అప్పుడు ఆయనకు 1875 నాటి కాగితము జ్ఞప్తికి వచ్చెను. 1856లో ఇస్తాంబులులో ఇరానునకును అమెరికాకును స్నేహ వాణిజ్య ఒడంబడిక కుదిరియుండెను. 1883నుండి టెహరానులో అమెరికా రాయబారి నివసించుచుండెను. సయ్యాహ్ ఆ కార్యాలయపు గడప తొక్కి, తాను అమెరికా పౌరుడననియు, తనను కాపాడవలసినదనియు విన్నవించుకొనెను.

చట్టము మాట చూచినచో ఆయన కోరికలో తప్పు లేదు. 1868 జూలైలో అమెరికా కాంగ్రెసు చేసిన శాసనము, పుట్టిన ప్రభుత్వమును విడుచుట మానవునకు సహజమైన హక్కనియు, పౌరుడైన పరదేశికి విదేశములందు స్వదేశమున పుట్టినవానితో సమానమైన రక్షణ కలదనియు చెప్పుచున్నది. కాని శాసనము వాషింగ్టనులో వ్రాయబడినది. ఖైదు టెహరానులో నున్నది. తమ దేశమున పుట్టినవాడు రాజు అనుమతి లేక మరియొక దేశపు పౌరుడు కాజాలడని ఇరాను ప్రభుత్వపు పట్టు. పౌరసత్వము పొంది వెంటనే జన్మభూమికి మరలి, అచటనే చిరకాలము నిలిచినవాడు ఆ హక్కును తానే జారవిడిచినట్లని అమెరికా ఉద్యోగుల ధోరణి. 1907లో దానిని చట్టములోనే పెట్టిరి, రెండేండ్లు మాతృదేశమున నిలిచినచో చాలునని. సయ్యాహ్ తిరిగివచ్చి అప్పటికి పదునారేండ్లు. ఒక బాటసారి కొరకు షాతో కలహించుట పెద్ద రాజ్యమునకు లాభసాటి బేరము గాదు. ఆయన కోరిన రక్షణ ఆయన కోరినట్లు దొరకలేదు.

ఇందులో ఎవరిని తప్పుపట్టవలెను? తల్లికొరకు తిరిగివచ్చినవానిని తప్పుపట్టలేము. స్వదేశమును బాగుచేయవలెనను తపనను గూడ తప్పనలేము. అమెరికాలోనే ఉండిపోయినచో ఆయన నిశ్చింతగా జీవించెడివాడు. అపుడు ఆయన పేరు ఇరాను చరిత్రలో ఉండెడిది కాదు. ఆ కాగితము నెరవేర్చలేని మాట యిచ్చినదన్న బాధ మాత్రము మిగులును.

గొలుసులో తనతో నున్న మీర్జా రిజా మార్గము వేరయ్యెను. 1896 మే 1వ తేదీన, టెహరాను చెంతనున్న షా అబ్దుల్ అజీము పుణ్యక్షేత్రమున, అతడు నాసిరుద్దీన్ షాను తుపాకితో కాల్చి చంపెను. ఆ వేసవిలోనే ఉరికంబ మెక్కెను. ఒకే చెర, ఒకే గొలుసు. ఒకడు తుపాకి పట్టెను. మరియొకడు తరువాతి కాలమున కలము పట్టెను. చదువుకొన్నవాడు గనుక రెండవదానిని ఎన్నుకొనెననుట సులువు. అంతకన్న నిజమేమనగా, చట్టముతో నడచు దేశములలో నివసించినవాడు గనుక, రాజు పోయినంత మాత్రమున రాజరీతి పోదని యెరుగును.

సయ్యాహ్ దీర్ఘాయుష్మంతుడు. 1906 ఆగస్టులో ముజఫ్ఫరుద్దీన్ షా రాజ్యాంగమునకు, ప్రజాప్రతినిధి సభకు సమ్మతించుటను డెబ్బదేండ్ల వయసున కన్నులార చూచెను. 1908 జూనులో కొత్త షా ఆ సభాభవనము మీదికి ఫిరంగులు పేల్చుటను చూచెను. మరుసటి యేట ప్రజలు అతనిని దించి సభను నిలుపుకొనుటను చూచెను. 1925లో ఎనుబదితొమ్మిదవ యేట కన్నుమూసెను. ఆ సంవత్సరపు అక్టోబరులోనే ఖజారు వంశము పదవీచ్యుతమయ్యెను. ఏ గద్దె నెడల విధేయతను ఆయన ఏబదియేండ్ల క్రిందట అమెరికా న్యాయస్థానమున వదలుకొనెనో, ఆ గద్దెయు ఆయనయు ఒక్క సంవత్సరముననే చరిత్రలో చేరిరి.

ఆయన వ్రాతలు ఆయన జీవించియుండగా అచ్చు కాలేదు. స్వదేశమునకు మరలిన పిమ్మట కథను చెప్పు స్మృతులను కుమారుడు హమీదు సయ్యాహ్ 1967లో టెహరానులో వెలువరించెను. ఆ గ్రంథమునకు గల ఉపశీర్షిక భయభీతుల కాలమను అర్థము నిచ్చును. ఖజారు రాజ్యమును పల్లెనుండి చెరసాలవరకు లోపలనుండి చూపు గ్రంథములలో అది ముఖ్యమైనదని చరిత్రకారులు భావింతురు. ఐరోపా యాత్రాగ్రంథము ఆ తరువాత, 1980లలో, వెలుగు చూచెను. కొంతకాలమునకు ఇంగ్లీషులోకి వచ్చెను. అందు ఊరూర చూచిన పాఠశాలలు, చెరసాలలు, వంతెనలు, మ్యూజియములు వరుసగా కనబడును. అమెరికాలో గడచిన పదేండ్ల కథ మాత్రము దాదాపు లేదు. గ్రాంటుతో జరిగిన సమావేశములలో ఏమి మాటాడుకొనిరో, ఏ వీధిలో నివసించెనో, ఏ పని చేసి పొట్ట పోసికొనెనో ఆ పుటలలో దొరకదు. ఆ పదేండ్లకు మిగిలిన గట్టి సాక్ష్యములు రెండు: 1875 మే 26 నాటి పౌరసత్వమును, టెహరానులోని అమెరికా కార్యాలయమునకు ఆయన పెట్టుకొన్న విన్నపమును.